గ్రబ్‌లో ఎస్‌డీఏ2 అని ఉంచాలా, యూయూఐడీ పెట్టాలా? బూట్ దారిలో ఎవరు ఏది చదువుతారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డెస్క్‌టాప్‌లో సాటా ఎస్‌ఎస్‌డీ మీద ఉబుంటు ఉంది. డేటా కోసం ఇంకో హార్డ్ డిస్క్ బిగించారు. అప్పటినుంచి ఒకసారి మామూలుగా ఆన్ అవుతోంది, ఇంకోసారి నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు సిస్టమ్‌కు ముందు మెమరీలో లేచే చిన్న సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతోంది. గ్రబ్ (లినక్స్‌ను లేపే బూట్ ప్రోగ్రాం) ఫైల్ తెరిచి చూస్తే "రూట్=/డెవ్/ఎస్‌డీఏ2" అని, అంటే సిస్టమ్ ఉన్న పార్టిషన్ అదేనని ఉంది. దాని బదులు యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య పెట్టమని ఎవరో చెప్పారు. బ్లాక్‌ఐడీ కమాండ్ కొడితే యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ అని రెండు కనిపిస్తున్నాయి. ఏది రాయాలి, ఎక్కడెక్కడ రాయాలి, రాశాక డిస్కులు అటూఇటూ మార్చినా పనిచేస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే మార్చాల్సిందే. రూట్= దగ్గర యూయూఐడీ పెట్టండి, పార్ట్‌యూయూఐడీ కాదు. కాకపోతే గ్రబ్ ఫైల్‌లో చేత్తో దిద్దకండి. గ్రబ్ సెట్టింగ్ సరిచేసి అప్‌డేట్-గ్రబ్ నడిపితే అదే రాసుకుంటుంది. ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్‌లో ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే పట్టిక) ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లుంటే అవీ మార్చాలి. ఈ రెండూ చేశాక డిస్కును ఏ సాటా పోర్టులో పెట్టినా రూట్ దొరుకుతుంది. ఒక్క మెలిక ఉంది: డిస్కును క్లోన్ చేసి, పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే మెషీన్‌లో ఉంచితే మాత్రం యూయూఐడీ కూడా కాపాడదు. దాని సంగతి కింద విడిగా రాశాను, ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే.

(కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. బ్లాక్‌ఐడీ అంటే బి, ఎల్, కె, ఐ, డి. ఎల్‌ఎస్‌బ్లాక్‌లో కూడా చివర బి, ఎల్, కె. యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ, లేబుల్ అనే మాటలను మాత్రం ఫైళ్లలో పెద్ద అక్షరాల్లో రాయాలి.)

ముందు ఆ పేరు ఎందుకు మారుతోందో చూద్దాం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్కుల పేర్లు కావు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ లేచేటప్పుడు ఏ డిస్క్ ముందు కనిపిస్తే దానికి "ఏ", తర్వాత కనిపించినదానికి "బీ" ఇస్తుంది. డ్రైవర్లు పోర్టులను ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా కలిపి వెతుకుతాయి కాబట్టి ఈ వరుస ప్రతిసారీ ఒకేలా ఉండాలని లేదు. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టడానికి పట్టే సమయం, ముందు పోర్టులో పెట్టిన పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్, ఏదైనా చాలు వరుస తారుమారు కావడానికి. మీ మెషీన్ ఒకసారి లేచి ఒకసారి లేవకపోవడానికి కారణం ఇదే. ఎన్‌వీఎంఈ (సాటా కాకుండా వేరే దారిలో కలిసే వేగమైన ఎస్‌ఎస్‌డీ) డ్రైవులకు ఈ బాధ లేదని కొందరు అంటారు. అది నిజం కాదు, ఒకటికి మించి ఎన్‌వీఎంఈలు ఉంటే వాటి 0, 1 అంకెలు కూడా ఇలాగే మారవచ్చు.

పాతకాలం వాళ్లకు ఇంకో దెబ్బ గుర్తుండే ఉంటుంది. 2007 ప్రాంతంలో ఐడీఈ డిస్కుల డ్రైవర్ మారినప్పుడు హెచ్‌డీఏ అని పిలిచే డిస్కులన్నీ రాత్రికి రాత్రి ఎస్‌డీఏ అయిపోయాయి. డిస్క్ అదే, కేబుల్ అదే, అప్‌గ్రేడ్ చేశాక బూట్ మాత్రం కాదు. డిస్ట్రోలు పేర్లను వదిలేసి యూయూఐడీ, లేబుల్ వైపు గట్టిగా మళ్లింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు యూయూఐడీకీ పార్ట్‌యూయూఐడీకీ తేడా. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించుకోగలరు.

యూయూఐడీ ఫైల్‌సిస్టమ్‌ది, అంటే పార్టిషన్‌లో ఫైళ్లను సర్దిపెట్టే ఏర్పాటుది. పార్ట్‌యూయూఐడీ పార్టిషన్‌ది, అంటే డిస్కులో విడదీసిన ముక్కది. ఖాళీ స్థలానికి సర్వే నంబరు ఉంటుంది, దాని మీద కట్టిన ఇంటికి డోర్ నంబరు ఉంటుంది. ఇల్లు పడగొట్టి మళ్లీ కడితే కొత్త డోర్ నంబరు వస్తుంది, సర్వే నంబరు కదలదు. అలాగే పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారుతుంది, పార్ట్‌యూయూఐడీ అలాగే ఉంటుంది. ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ఈ యూయూఐడీ సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోటు) ఉంటుంది, ఆ సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదలైన 1024 బైట్ల తర్వాత ఉంటుంది. ఫార్మాట్ చేసే కమాండే దాన్ని అక్కడ రాస్తుంది. పార్ట్‌యూయూఐడీ మాత్రం జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ టేబుల్‌లో, అంటే డిస్క్ ముక్కల పట్టికలో ఉంటుంది. పాత రకం పట్టికైన ఎంబీఆర్ ఉన్న డిస్కులకు నిజమైన పార్ట్‌యూయూఐడీ అంటూ లేదు. డిస్క్ సిగ్నేచర్ అనే 8 అంకెల హెక్స్ సంఖ్యకు హైఫన్ పెట్టి 01, 02 అని పార్టిషన్ నంబరు తగిలిస్తారు. పొట్టిగా, చివర 01, 02 ఉన్నది కనిపిస్తే అది ఎంబీఆర్ డిస్క్ అన్నమాట.

సైజు చూసి కూడా చాలావరకు గుర్తుపట్టవచ్చు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లకు, స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) 128 బిట్ల పూర్తి యూయూఐడీ ఉంటుంది, అంటే హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. ఫ్యాట్‌కు అంత చోటు లేదు, 32 బిట్ల సీరియల్ నంబరే ఉంటుంది. అందుకే ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న ఫ్యాట్ పార్టిషన్) యూయూఐడీ 5270-1894 లాగా చిన్నగా కనిపిస్తుంది. అది సగం తెగిపోయిన యూయూఐడీ అనుకుని టెన్షన్ పడనక్కర్లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు హైఫన్ లేకుండా 16 అక్షరాలు.

మరి రూట్= దగ్గర యూయూఐడీయే ఎందుకంటే, మీది ఉబుంటు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఇది చాలామందికి తెలియని విషయం: కెర్నెల్‌కు స్వతహాగా ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ అర్థం కాదు. రూట్=యూయూఐడీ= అని రాస్తే దాన్ని అర్థం చేసుకుని వెతికేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్న చిన్న ప్రోగ్రాములు. అవి /డెవ్/డిస్క్/బై-యూయూఐడీ ఫోల్డర్‌లో ఆ పేరుతో లింక్ వచ్చేదాకా ఆగి, వచ్చాక మౌంట్ చేస్తాయి (వాడుకకు తగిలిస్తాయి). ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా సొంతంగా కెర్నెల్ కట్టుకునేవాళ్లు అందుకే రూట్=పార్ట్‌యూయూఐడీ= రాయాలి, దాన్ని కెర్నెల్ నేరుగా చదవగలదు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కమాండ్‌లైన్ ఫైల్‌లో పార్ట్‌యూయూఐడీ కనిపించేది కూడా ఈ దారిలోనే. అక్కడ చూసి ఇక్కడ, ఇక్కడ చూసి అక్కడ కాపీ కొట్టడం వల్లే సగం గందరగోళం. పార్ట్‌యూయూఐడీ సంఖ్యను తెచ్చి రూట్=యూయూఐడీ= పక్కన అతికిస్తే అది జన్మలో దొరకదు, చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

ఇక మీ గ్రబ్‌లోకి ఎస్‌డీఏ2 ఎలా వచ్చింది? ఉబుంటు మామూలుగా అలా రాయదు. మూడు చోట్ల వెతకండి. ఒకటి, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో "గ్రబ్ డిసేబుల్ లినక్స్ యూయూఐడీ" అనే లైన్ ముందు హ్యాష్ లేకుండా ట్రూ అని ఉందేమో. ఉంటే హ్యాష్ పెట్టండి. రెండు, /ఈటీసీ/గ్రబ్.డీ ఫోల్డర్‌లోని 40_కస్టమ్ ఫైల్‌లో ఎవరైనా సొంత మెనూ ఎంట్రీ రాసి ఉంటారు. అప్‌డేట్-గ్రబ్ దాన్ని ముట్టుకోదు, ఉన్నదున్నట్టు దింపుతుంది. అక్కడ మాత్రం మీరే దిద్దాలి. మూడోది, పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లోకి వెళ్లి క్రూట్ చేసి (అక్కడి నుంచి డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్లి) అప్‌డేట్-గ్రబ్ నడిపి ఉంటారు. ఆ స్క్రిప్ట్ బై-యూయూఐడీ ఫోల్డర్‌లో లింక్ ఉందో లేదో చూసి, లేకపోతే డివైస్ పేరు రాసేస్తుంది. క్రూట్‌కు ముందు /డెవ్, /ప్రాక్, /సిస్ మూడూ బైండ్ చేయడం అందుకే.

మార్చే ముందు ఒకసారి తాత్కాలికంగా పరీక్షించండి. ఉబుంటు లేచినప్పుడు "సుడో బ్లాక్‌ఐడీ" కొట్టి రూట్ పార్టిషన్ యూయూఐడీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సుడో తప్పనిసరి, అది లేకుంటే పాత కాష్‌లోని సమాచారం చూపించవచ్చు. ఏది రూట్ అన్నది అనుమానంగా ఉంటే "ఫైండ్‌మౌంట్ /" (ఎఫ్, ఐ, ఎన్, డి, ఎం, ఎన్, టి) కొట్టండి, అదే చెబుతుంది. రీబూట్ చేసి గ్రబ్ మెనూ తెప్పించండి. మదర్‌బోర్డు బూట్ పద్ధతి కొత్త యూఈఎఫ్‌ఐ అయితే ఎస్కేప్, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కాలి. ఎంట్రీ మీద "ఇ" నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్‌లో /డెవ్/ఎస్‌డీఏ2 తీసేసి యూయూఐడీ= అని, వెంటనే ఖాళీ లేకుండా ఆ సంఖ్య కొట్టండి. కంట్రోల్+ఎక్స్ నొక్కితే ఆ ఒక్కసారికి అలా బూట్ అవుతుంది. డిస్కులో ఏదీ మారదు కాబట్టి భయం లేదు. లేచాక "క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్" కొడితే కెర్నెల్‌కు నిజంగా ఏం చేరిందో కనిపిస్తుంది. బాగుంటే అప్పుడు అప్‌డేట్-గ్రబ్.

ఫెడోరా వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: అక్కడ ఎంట్రీలు /బూట్/లోడర్/ఎంట్రీస్ ఫోల్డర్‌లో ఒక్కో కెర్నెల్‌కు ఒక్కో ఫైల్‌గా ఉంటాయి. గ్రబీ కమాండ్‌తో అన్ని కెర్నెళ్లకూ రూట్= మార్చుకోవడం సులువు.

ఎఫ్‌స్టాబ్ సంగతి క్లుప్తంగా. ఎస్‌డీ పేర్లన్నీ యూయూఐడీ= గా మార్చండి, కోట్స్ వద్దు. కొత్తగా పెట్టిన డేటా డిస్క్ లైన్‌లో ఆప్షన్లకు "నోఫెయిల్" తప్పక కలపండి. లేదంటే రేపు ఆ డిస్క్ తీసిన రోజు సిస్టమ్‌డీ (కెర్నెల్ తర్వాత మిగతావన్నీ మొదలుపెట్టే ప్రోగ్రాం) 1 నిమిషం 30 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. సేవ్ చేశాక "సుడో ఫైండ్‌మౌంట్ --వెరిఫై" కొడితే టైపింగ్ తప్పులు అక్కడే బయటపడతాయి.

ఇంతవరకు మీ ప్రశ్నకు జవాబు. అయితే యూయూఐడీ ఒక్కచోట సరిచేస్తే అన్నీ సరైనట్టే అనుకుని తర్వాత తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. పవర్ బటన్ నుంచి లాగిన్ దాకా ఒకరి తర్వాత ఒకరు డిస్కును వెతుక్కుంటారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో చీటీ ఉంటుంది. ఏ దశలో ఆగిందో చూస్తే ఎవరి చీటీ తప్పిందో తెలుస్తుంది.

మొదట మదర్‌బోర్డు. యూఈఎఫ్‌ఐ మెషీన్లలో బూట్ ఎంట్రీ మదర్‌బోర్డు మెమరీలోనే ఉంటుంది. అందులో రాసి ఉండేది ఈఎఫ్‌ఐ పార్టిషన్ జీపీటీ ఐడీ, అంటే పార్ట్‌యూయూఐడీ, దాని పక్కన ఏ ఫైల్ నడపాలో ఆ దారి. "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -వీ" కొడితే చూడవచ్చు. పార్టిషన్ టేబుల్ కొత్తగా చేసి ఫైళ్లన్నీ అలాగే కాపీ చేసినా ఇక్కడ పాత ఐడీయే ఉంటుంది. "బూట్ డివైస్ లేదు" అని మదర్‌బోర్డే చెప్పి ఊరుకుంటే ఈ దశ అన్నమాట.

తర్వాత గ్రబ్ మొదటి ముక్క. ఉబుంటులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ లోపల ఈఎఫ్‌ఐ/ఉబుంటు ఫోల్డర్‌లో గ్రబ్.సీఎఫ్‌జీ అని ఇంకో చిన్న ఫైల్ ఉంటుంది. చాలామంది దీన్ని తెరిచి కూడా చూడరు. అందులో ఉండేది మూడే లైన్లు: ఫలానా యూయూఐడీ ఉన్న ఫైల్‌సిస్టమ్‌ను వెతుకు, దాంట్లో గ్రబ్ ఫోల్డర్‌ను ప్రిఫిక్స్‌గా పెట్టుకో, అక్కడున్న అసలు గ్రబ్.సీఎఫ్‌జీ చదువు. రూట్ పార్టిషన్‌ను కొత్తగా ఫార్మాట్ చేసి బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి పోసినవాళ్లు అసలు గ్రబ్ ఫైల్, ఎఫ్‌స్టాబ్ రెండూ దిద్దుతారు, ఈ మూడు లైన్లను మరిచిపోతారు. ఫలితం, మెనూ రాకుండా గ్రబ్ అని ఒట్టి ప్రాంప్ట్. అప్‌డేట్-గ్రబ్ ఈ ఫైల్ జోలికి రాదు, గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ నడిపితేనే ఇది మారుతుంది. ఫెడోరా 34 నుంచి అక్కడ కూడా ఇలాంటి చిన్న ఫైలే. పాత ట్యుటోరియల్స్ చూసి గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ అవుట్‌పుట్‌ను దీని మీదకు రాయకండి.

మూడోది అసలు గ్రబ్ మెనూ. ఎంట్రీ తెరిస్తే సెర్చ్ అనే లైన్ ఉంటుంది, ఎఫ్‌ఎస్-యూయూఐడీ అని, దాని చివర యూయూఐడీ. ఇది కెర్నెల్ ఫైల్, ఇనిట్‌ఆర్‌డీ (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్) ఫైల్ ఎక్కడున్నాయో వెతకడానికి. /బూట్ వేరే పార్టిషన్‌లో ఉంటే ఇక్కడ ఉండేది /బూట్ యూయూఐడీ, కింద రూట్= దగ్గర ఉండేది రూట్ యూయూఐడీ. రెండూ వేరుగా కనిపిస్తున్నాయని "సరిచేసి" ఒకటి చేయకండి! అదే లైన్‌లో హింట్ అని హెచ్‌డీ0, జీపీటీ2 లాంటివి ఉంటాయి. అవి ముందు ఎక్కడ చూడాలన్న సూచన మాత్రమే, తప్పయినా మిగతా డిస్కులు వెతుకుతుంది. గ్రబ్ లెక్కలో డిస్కులు 0 నుంచి, పార్టిషన్లు 1 నుంచి మొదలవుతాయి. ఈ హెచ్‌డీ0కీ లినక్స్ ఎస్‌డీఏకీ చుట్టరికం ఏమీ లేదు.

నాలుగోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, రూట్= చదివేది. అయిదోది సిస్టమ్‌డీ, ఎఫ్‌స్టాబ్ చదివేది. ఈ రెండూ పైన చెప్పుకున్నాం. మీ మెషీన్ ఆగుతున్నది నాలుగో దశలో.

పాత బయోస్ పద్ధతిలో ఇంకో చీటీ ఉంది. డెబియన్, ఉబుంటుల్లో గ్రబ్-పీసీ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు బూట్ సెక్టార్‌ను ఏ డిస్కు మీద రాయాలో డెబ్‌కాన్ఫ్‌లో (ప్యాకేజీల సెట్టింగులు దాచే చోటు) గుర్తుపెట్టుకుంటుంది. అక్కడ వాడేది యూయూఐడీ కాదు, బై-ఐడీ, అంటే డిస్క్ మోడల్, సీరియల్ నంబరు. డిస్క్ మార్చాక ఇది పాతదాన్నే పట్టుకుని ఉంటే, బూట్ సెక్టార్‌లో పాత గ్రబ్, ఫోల్డర్‌లో కొత్త మాడ్యూళ్లు మిగులుతాయి. 2020లో గ్రబ్‌లో బయటపడ్డ బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి అప్‌డేట్లు వచ్చినప్పుడు "సింబల్ గ్రబ్_క్యాలాక్ నాట్ ఫౌండ్" అంటూ ఎన్నో మెషీన్లు రెస్క్యూ ప్రాంప్ట్‌లో ఆగిపోయింది ఇందుకే. డిస్క్ మార్చిన రోజే "సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ" నడిపి సరైన డిస్కు టిక్ చేయండి.

ఇప్పుడు క్లోన్ సంగతి. నేను కాలేజీ ల్యాబులు, చిన్న ఆఫీసుల మెషీన్లు చూస్తుంటాను. ఒక ఆఫీసులో హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి డీడీతో క్లోన్ చేయించుకున్నారు. పాత డిస్క్ పెద్దది కదా, స్టోరేజీకి పనికొస్తుందని అలాగే ఉంచారు. ఎస్‌ఎస్‌డీ పెట్టినా స్పీడ్ పెరగలేదని పిలిచారు. ఫైండ్‌మౌంట్ కొడితే రూట్ పాత హార్డ్ డిస్క్ నుంచే మౌంట్ అయి ఉంది. గ్రబ్ లేచింది ఎస్‌ఎస్‌డీ నుంచి, కెర్నెల్ వచ్చింది ఎస్‌ఎస్‌డీ నుంచి, ఆ తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆ యూయూఐడీ ఉన్న ఫైల్‌సిస్టమ్ కోసం వెతికితే హార్డ్ డిస్క్ చేతికి దొరికింది. డీడీ బైటు బైటుగా కాపీ చేస్తుంది, సూపర్‌బ్లాక్‌లోని యూయూఐడీ కూడా వచ్చేస్తుంది. రెండు చోట్లా ఒకే యూయూఐడీ ఉంటే బై-యూయూఐడీలో లింక్ మాత్రం ఒక్కటే ఉంటుంది, అది ఏ డిస్కును చూపిస్తుందో నమ్మకం లేదు.

ల్యాబులో ఇది ఇంకా తమాషాగా బయటపడింది. అన్ని మెషీన్లకూ ఒకే ఇమేజ్ పోస్తారు, కాబట్టి గది నిండా ఒకే యూయూఐడీ. వేర్వేరు మెషీన్లలో ఉన్నంతకాలం దానివల్ల నష్టం ఏమీ లేదు. ఒకదాని పవర్ సప్లై పోయింది. డేటా తీయడానికి దాని డిస్క్ తెచ్చి పక్క మెషీన్‌లో బిగించి వదిలేశారు. పక్క మెషీన్ చక్కగా లేచింది, లాగిన్ కూడా అయింది, కానీ లోపల ఉన్నది పవర్ పోయిన మెషీన్ సిస్టమ్. పిల్లలు దాని మీదే రికార్డు ప్రోగ్రాములు రాసుకున్నారు. తర్వాత ఆ డిస్క్ తీసేయగానే "మా ఫైళ్లు పోయాయి సార్" అని గోల. ఎక్కడికీ పోలేదు, తీసిన డిస్కులో ఉన్నాయి.

క్లోన్ చేశాక నేను పాటించే వరుస ఇది. ముందు పాత డిస్క్ కేబుల్ పీకి, కొత్తదాని నుంచి ఒకసారి బూట్ అయి చూస్తాను. అంతా బాగుంటే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి పాత డిస్క్ యూయూఐడీలను మారుస్తాను, కొత్తదానివి కాదు. కొత్తదానివి మారిస్తే గ్రబ్, ఎఫ్‌స్టాబ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్నీ తిరగరాయాలి. పాతదానివి మారిస్తే కొత్తదాంట్లో ఒక్క అక్షరం దిద్దనక్కర్లేదు. పాత డిస్కులో డేటా అవసరమే లేకపోతే ఈ గొడవంతా ఎందుకు, వైప్‌ఎఫ్‌ఎస్ (పాత ఫైల్‌సిస్టమ్ గుర్తులు చెరిపే కమాండ్) కొట్టి కొత్తగా ఫార్మాట్ చేసుకోండి.

ఏది పాతదో ఏది కొత్తదో ఎస్‌డీ పేరు చూసి నిర్ణయించకండి. "ఎల్‌ఎస్‌బ్లాక్ -ఓ" తో నేమ్, సైజ్, మోడల్, సీరియల్, యూయూఐడీ కాలమ్‌లు పెట్టి చూడండి, సీరియల్ నంబరును డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చండి. ఈఎక్స్‌టీ4కు ముందు "ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్", ఆ తర్వాత "ట్యూన్2ఎఫ్‌ఎస్ -యూ ర్యాండమ్", ఇక్కడ యూ పెద్దక్షరం. మౌంట్ అయి ఉండకూడదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు "ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్ -యూ జనరేట్". స్వాప్‌కు స్వాప్‌లేబుల్. జీపీటీ ఐడీలన్నీ ఒక్కసారిగా మార్చడానికి "ఎస్‌జీడిస్క్ -జీ", జీ కూడా పెద్దదే. ఫ్యాట్ పార్టిషన్‌కు జీపార్టెడ్‌లో న్యూ యూయూఐడీ అని మెనూలో ఉంటుంది, కమాండ్లు ఇష్టం లేనివాళ్లు మిగతావాటికీ అదే వాడవచ్చు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఈ విషయంలో బుద్ధిమంతురాలు. అదే యూయూఐడీతో ఒకటి ఇప్పటికే మౌంట్ అయి ఉంటే రెండోదాన్ని మౌంట్ చేయనని మొరాయిస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌తో మాత్రం జాగ్రత్త. అది ఒకే ఫైల్‌సిస్టమ్‌ను ఎన్నో డిస్కుల మీద పరిచి, వాటన్నిటికీ ఒకే యూయూఐడీ ఇచ్చే రకం. క్లోన్ కూడా తన డిస్కే అనుకుని రెంటినీ కలిపేస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్క్ క్లోన్ చేస్తే రెండూ తగిలించి మౌంట్ చేయడం అనే ఆలోచనే పెట్టుకోకండి.

ఎల్‌వీఎం (డిస్కు చోటును పేర్లున్న భాగాలుగా పంచే పొర) ఉంటే గ్రబ్‌లో రూట్=/డెవ్/మ్యాపర్ అని పేరే కనిపిస్తుంది. అది తప్పు కాదు, దాన్ని యూయూఐడీగా మార్చకండి. ఎల్‌వీఎం పేర్లు డిస్క్ వరుసతో మారవు. పైగా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నదున్నట్టు నకలు) తీస్తే దానికీ అసలుదానికీ ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ ఒకటే అవుతుంది, కాబట్టి అక్కడ పేరే క్షేమం. లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే రెండు యూయూఐడీలు ఉంటాయి: బయట లక్స్ పెట్టెది ఒకటి, తాళం తీశాక లోపల ఫైల్‌సిస్టమ్‌ది ఇంకొకటి. క్రిప్ట్‌టాబ్‌లో బయటిది, ఎఫ్‌స్టాబ్‌లో లోపలిది.

స్వాప్ గురించి ఒక మాట. ఒకే డిస్కు మీద రెండో డిస్ట్రో ఇన్‌స్టాల్ చేస్తే అది ఉన్న స్వాప్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి వాడుకోవచ్చు. స్వాప్ యూయూఐడీ మారిపోతుంది, మొదటి డిస్ట్రోకు ఆ సంగతి తెలియదు. బూట్ అవుతుంది కానీ నత్తనడక. మొదట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్ కోసం కాసేపు ఆగుతుంది, తర్వాత సిస్టమ్‌డీ 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెడుతుంది. ఎఫ్‌స్టాబ్‌లోనూ, /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్ ఫైల్‌లోనూ కొత్త యూయూఐడీ రాసి, "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ" నడపాలి. ఈసారి యూ చిన్నది. మొదటిది మార్చి రెండోది వదిలేస్తే సగం ఆలస్యం అలాగే ఉంటుంది.

లేబుల్ వాడవచ్చు కదా అంటారా? వాడవచ్చు, చదవడానికి హాయిగా ఉంటుంది, డేటా డిస్కులకు నేనూ లేబులే వాడతాను. రూట్‌కు మాత్రం వాడను. పాత రెడ్ హ్యాట్ ఇన్‌స్టాలర్ రూట్‌కు ప్రతి మెషీన్‌లోనూ స్లాష్ అనే లేబులే పెట్టేది. ఒక సర్వర్ డిస్క్ తీసి ఇంకోదాంట్లో పెడితే క్లోన్ చేయకుండానే క్లోన్ తిప్పలు వచ్చేవి.

చివరిగా, "యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని వచ్చిన ప్రతిసారీ యూయూఐడీ తప్పని కాదు. మదర్‌బోర్డు మీద సీమాస్ సెల్ వీకైపోయి బయోస్ సెట్టింగులు డిఫాల్ట్‌కు వెళ్లినప్పుడు సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోయిన మెషీన్లు నా దగ్గరకు వస్తుంటాయి. డిస్కే కనిపించనప్పుడు దాని యూయూఐడీ ఎక్కడ కనిపిస్తుంది? తేల్చుకోవడం సులువు. ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గరే బ్లాక్‌ఐడీ కొట్టండి. మీ డిస్క్ జాబితాలో లేకపోతే కేబుల్, బయోస్ మోడ్, డ్రైవర్ చూడాలి. ఉండి, యూయూఐడీ కూడా సరిపోతుంటే అది ఆలస్యంగా లేచిందన్నమాట. ఎగ్జిట్ అని కొడితే బూట్ ముందుకు సాగుతుంది, తర్వాత కెర్నెల్ లైన్‌లో రూట్‌డిలే=10 కలిపి చూడవచ్చు. ఉండి, యూయూఐడీ వేరుగా ఉంటేనే పైన చెప్పినవన్నీ.

మీరు మార్చాక కూడా ఆగుతుంటే ఆ ప్రాంప్ట్ దగ్గర బ్లాక్‌ఐడీ, క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్ రెండూ కొట్టి తెర ఫోటో ఇక్కడ పెట్టండి. లేచినప్పుడు ఎఫ్‌స్టాబ్ కూడా కాపీ చేసి పెట్టండి. ఆ డేటా డిస్క్ కొత్తదా, లేక పాత మెషీన్‌లోంచి తీసిందా అన్నది కూడా రాయండి, మీ ప్రశ్నలో అది చెప్పలేదు.